ఎఫ్ ఈక్వల్స్ టు ఎంఏ: ఫార్ములా వచ్చినా లెక్క ఎందుకు తప్పుతుంది?

సిమెంటు గచ్చు మీద 25 కిలోల బియ్యం బస్తా ఉంది. తాడు కట్టి నేలకు సమాంతరంగా 120 న్యూటన్ల బలంతో లాగుతున్నారు. బస్తా జారుతోంది. గచ్చుకూ గోనెకూ మధ్య గతిక ఘర్షణ గుణకం 0.4. త్వరణం ఎంత?

చాలామంది 120ని 25తో భాగించి 4.8 మీ/సె² అని రాసేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. అసలు జవాబు 0.88. అయిదు రెట్లకు పైగా తేడా. ఫార్ములా (బలం = ద్రవ్యరాశి × త్వరణం) సరిగ్గానే రాశారు, భాగహారమూ సరిగ్గానే చేశారు. బలం అన్న చోట పెట్టిన అంకె ఒక్కటే తప్పు.

ఈ తప్పుకు మూలం, నా ఉద్దేశంలో, గైడ్లలోనూ ట్యూషన్లలోనూ కనిపించే ఆ త్రిభుజం. పైగదిలో బలం, కింది రెండు గదుల్లో ద్రవ్యరాశి, త్వరణం. కావలసినదాన్ని వేలితో మూస్తే మిగిలినవాటితో ఏం చేయాలో తెలుస్తుందట. మూడు అక్షరాల సమీకరణాన్ని అటూ ఇటూ తిప్పుకోవడం ఏడో తరగతి పిల్లలకు కూడా పెద్ద పని కాదు, దానికి కిటుకు అక్కర్లేదు. ఆ బొమ్మ చేసే నష్టం మాత్రం పెద్దది. పైగదిలో ఉండాల్సింది ‘ఫలిత బలం’, అంటే అన్ని బలాలూ కూడాక మిగిలేది. ‘ఫలిత’ అన్న మాటను త్రిభుజం మింగేస్తుంది. దాంతో లెక్కలో కనబడ్డ మొదటి న్యూటన్ల అంకెను పట్టుకొచ్చి అందులో కూర్చోబెడతారు.

బస్తా లెక్క నిదానంగా చేద్దాం. బస్తా భారం 25 × 9.8 = 245 న్యూటన్లు, కిందికి. బస్తా గచ్చులోకి దిగబడటం లేదు, గాల్లోకి లేవడం లేదు. అంటే గచ్చు కూడా దాన్ని 245 న్యూటన్లతోనే పైకి నెడుతోంది. ఇది అభిలంబ బలం. జారేటప్పటి ఘర్షణ అంటే గుణకం × అభిలంబ బలం: 0.4 × 245 = 98 న్యూటన్లు, వెనక్కి. ఫలిత బలం 120 − 98 = 22. దాన్ని 25తో భాగిస్తే 0.88 మీ/సె².

బస్తా మీద పనిచేస్తున్న బలాలు నాలుగు: తాడు, భూమి, గచ్చు పైకి నెట్టేది, గచ్చు వెనక్కి లాగేది. వీటిని బాణాలుగా గీస్తే వచ్చేదే స్వేచ్ఛా వస్తు పటం. గీసే పద్ధతి కష్టమేమీ కాదు. ఒకే ఒక్క వస్తువును ఎంచుకోండి. దాన్ని ఏమేం తాకుతున్నాయో చూడండి. తాకే ప్రతిదీ బలం ఇవ్వగలదు. తాకకుండా బలం ఇచ్చేది, ఈ స్థాయి లెక్కల్లో, భూమి ఒక్కటే. అంతకు మించి బాణాలు ఉండవు. కదులుతోంది కదా అని ముందుకు ‘కదలిక బలం’ పేరుతో అయిదో బాణం గీసేవాళ్లుంటారు. దాన్ని ఏ వస్తువు ఇస్తోందని అడిగి చూడండి, సమాధానం ఉండదు. ద్రవ్యరాశి × త్వరణం కూడా బాణం కాదు. అన్ని బాణాలూ కూడాక వచ్చే ఫలితం అది. మూడో నియమం గుర్తొచ్చి ‘బస్తా తాడును లాగే బలం’ అని ఇంకోటి చేర్చేవాళ్లకు ఒక మాట: అది తాడు మీద పనిచేసే బలం. తాడు పటం గీసినప్పుడు అందులో పెట్టుకోండి.

ఇప్పుడు అదే తాడును కాస్త పైకెత్తి, నేలతో 30° కోణంలో అదే 120 న్యూటన్లతో లాగుదాం. లాగుడులో కొంత పైకి పోతుంది కాబట్టి త్వరణం తగ్గాలని అనిపిస్తుంది. చూద్దాం. ముందుకు పనిచేసే భాగం 120 × కాస్ 30° = 103.9. పైకి పనిచేసే భాగం 120 × సైన్ 30° = 60. తాడే 60 న్యూటన్లు మోస్తోంది కనుక గచ్చు మోయాల్సింది 245 − 60 = 185 మాత్రమే. ఘర్షణ 0.4 × 185 = 74. ఫలితం 103.9 − 74 = 29.9. త్వరణం 1.2 మీ/సె². తగ్గకపోగా మూడో వంతుకు పైగా పెరిగింది.

ఇక్కడ పడే తప్పు ఒకటే: అభిలంబ బలం ఎప్పుడూ భారానికి సమానమే అనుకోవడం. అలా అనుకుంటే ఘర్షణ 98 దగ్గరే ఉండిపోయి, ఫలితం 5.9, త్వరణం 0.24 వస్తుంది. సమానమయ్యేది నేల చదునుగా ఉండి, నిలువుగా వేరే బలమేదీ లేక, నిలువు త్వరణం సున్నా అయినప్పుడే. అందుకే అభిలంబ బలాన్ని కంఠస్థం నుంచి తేవద్దు. ప్రతిసారీ నిలువు దిశ సమీకరణం నుంచే తెచ్చుకోండి. 1687లో న్యూటన్ రెండో నియమాన్ని చెప్పింది గమనంలో మార్పు గురించి. దాన్ని మనం వాడే ద్రవ్యరాశి × త్వరణం రూపంలో, ఒక్కో దిశకు ఒక్కో సమీకరణంగా విడదీసి రాసింది గణితవేత్త ఆయిలర్, 1750లో. అడ్డం లెక్క వేరు, నిలువు లెక్క వేరు అని మనం చేస్తున్నది ఆయన పద్ధతే.

ఉత్తమ కోణం ఏదని అడిగితే, దాని టాన్ విలువ ఘర్షణ గుణకానికి సమానం కావాలి. 0.4కు అది దాదాపు 22°. అక్కడ త్వరణం 1.25 వరకూ వెళ్తుంది. అంతకన్నా తాడును ఎత్తేకొద్దీ మళ్లీ తగ్గుతుంది.

తాడు బదులు వెనక నుంచి, 30° కిందికి వంగిన కర్రతో నెడితే? ఈసారి 60 న్యూటన్లు గచ్చు నెత్తినే పడతాయి. అభిలంబ బలం 305, ఘర్షణ 122. ముందుకు నెట్టేది 103.9 మాత్రమే. తీసివేస్తే −18.1, త్వరణం −0.72. బస్తా అప్పటికే జారుతుంటే ఈ జవాబు సరైనదే, అది నెమ్మదించి ఆగుతుంది. నిశ్చలంగా ఉన్న బస్తాకు మాత్రం ఇది అర్థంలేని జవాబు. ముందుకు నెడితే వెనక్కి వచ్చే బస్తా ఎక్కడుంది? ఘర్షణ ఎదురు నిలుస్తుందే కానీ తనంతట తాను లాక్కుపోదు. కదలని వస్తువు మీద స్థితిక ఘర్షణ నెట్టినంతే, 103.9 న్యూటన్లే ఉంటుంది. త్వరణం సున్నా. గుణకం × అభిలంబ బలం అన్నది అప్పుడు ఘర్షణ దాటలేని హద్దు మాత్రమే.

ఇక కిలోలు, న్యూటన్ల గొడవ. ఇందులో మన భాష పాత్ర కూడా కొంత ఉంది. ‘బస్తా బరువు 25 కిలోలు’ అంటాం. ‘బంగారం బరువు పది గ్రాములు’ అంటాం. ఈ బరువు నిజానికి ద్రవ్యరాశి. పాఠ్యపుస్తకంలో భారం అంటే భూమి లాగే బలం, న్యూటన్లలో. వాడుకలో ‘భారం’, ‘బరువు’ ఒకటే కావడంతో, లెక్కలో ‘60 కిలోల బరువున్న వ్యక్తి’ అని కనిపించగానే ఆ 60ని నేరుగా బలంగా వాడేస్తారు. ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: కిలోల్లో ఉంటే ద్రవ్యరాశి, న్యూటన్లలో ఉంటే బలం, చుట్టూ ఏ మాట ఉన్నా సరే. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే 9.8తో గుణించాలి లేదా భాగించాలి. ప్రశ్నలో 10 తీసుకోమంటే 10 తీసుకోండి, కానీ ఒకే లెక్కలో భారానికి 10, ఇంకో చోట 9.8 వాడకండి. చివరి అంకెలు కుదరక సతమతమయ్యేది ఎక్కువగా అందుకే.

రెండు తట్టల త్రాసు ద్రవ్యరాశులను పోలుస్తుంది, అందుకే చంద్రుడి మీద కూడా అదే చెబుతుంది. స్ప్రింగు త్రాసుకు తెలిసేది బలం. చంద్రుడి మీద గురుత్వ త్వరణం 1.62 కాబట్టి 60 కిలోల మనిషి దానికి వేలాడితే దాదాపు 9.9 కిలోలని చూపిస్తుంది. అంత దూరం పోనక్కర్లేదు, లిఫ్టు ఎక్కితే చాలు.

లిఫ్టులో బాత్రూం త్రాసు మీద 60 కిలోల మనిషి నిలబడ్డాడు. లిఫ్టు పైకి బయల్దేరుతూ 1.2 మీ/సె² త్వరణం అందుకుంది. మనిషిని తాకుతున్నది త్రాసు ఒక్కటే, కాబట్టి బాణాలు రెండే: త్రాసు పైకి నెట్టే బలం, కిందికి భారం 588. పైదిశను ధనాత్మకం అనుకుంటే, త్రాసు బలం − 588 = 60 × 1.2 = 72. త్రాసు బలం 660 న్యూటన్లు. త్రాసు ఆ 660ని 9.8తో భాగించి 67.3 కిలోలని చూపిస్తుంది. తర్వాత లిఫ్టు సమవేగంతో పోతున్నంతసేపూ 60. పై అంతస్తు దగ్గర అదే 1.2తో నెమ్మదిస్తున్నప్పుడు 588 − 72 = 516, అంటే 52.7 కిలోలు.

ఈ మూడోదే చాలామందిని పడగొడుతుంది. లిఫ్టు పైకే పోతోంది కాబట్టి త్వరణమూ పైకే అనుకుని మళ్లీ 67.3 రాస్తారు. సమీకరణానికి లిఫ్టు ఎటు పోతోందో అక్కర్లేదు, వేగం ఎటు మారుతోందో కావాలి. పైకి పోతూ నెమ్మదిస్తే త్వరణం కిందికి. కిందికి దిగుతూ ఆగబోతుంటే త్వరణం పైకి, అప్పుడూ త్రాసు 67.3 చూపిస్తుంది. పటం పక్కనే వేగానికి ఒక బాణం, త్వరణానికి ఒక బాణం విడివిడిగా గీసుకునే అలవాటు ఇక్కడ కాపాడుతుంది.

లిఫ్టు లెక్కనే రాకెట్టుకు పెంచి చూడొచ్చు. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 ద్రవ్యరాశి సుమారు 640 టన్నులు. నేల విడిచేటప్పుడు మండేది పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లే. వాటి మొత్తం ఒత్తుడు (రాకెట్టును పైకి నెట్టే బలం) లెక్క కోసం 10,000 కిలోన్యూటన్లు అనుకుందాం. త్రిభుజం పద్ధతిలో 10,000 ÷ 640 = 15.6 మీ/సె². కానీ రాకెట్ భారమే 640 × 9.8 = 6,272 కిలోన్యూటన్లు. మిగిలేది 3,728, త్వరణం 5.8. (టన్నులను కిలోన్యూటన్లతో జత చేస్తే రెండు వైపులా వెయ్యి కొట్టుకుపోతుంది, సున్నాలు మోయక్కర్లేదు.) ఇంధనం మండేకొద్దీ ద్రవ్యరాశి తగ్గుతుంది కాబట్టి ఈ 5.8 ఆ క్షణానికే. తర్వాతి క్షణానికి అప్పటి ఒత్తుడు, అప్పటి ద్రవ్యరాశి పెట్టి మళ్లీ లెక్కగట్టుకోవాలి.

బలం కనుక్కోమనే లెక్కల్లో ఎక్కువగా వచ్చేది బ్రేకులది. 8 టన్నుల బస్సు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతూ, బ్రేకు వేశాక 30 మీటర్లలో ఆగింది. బ్రేకు బలం ఎంత? గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చడానికి 5/18తో గుణించాలి: 54 × 5/18 = 15. వేగవర్గాన్ని రెండింతల దూరంతో భాగిస్తే 225 ÷ 60 = 3.75 మీ/సె² రుణత్వరణం. బలం 8,000 × 3.75 = 30,000 న్యూటన్లు, వెనక్కి.

54ని మార్చకుండానే పెడితే 2,916 ÷ 60 = 48.6 వస్తుంది. ఇది తప్పని జవాబు పట్టీ చూడకుండానే చెప్పొచ్చు. టైరు రోడ్డును పట్టుకుని ఇవ్వగలిగిన రుణత్వరణం మహా అయితే ఘర్షణ గుణకం × 9.8. ఎండు రోడ్డుకు గుణకం 0.7 అనుకున్నా దాదాపు 7 మీ/సె². బస్సుకు 48 వచ్చిందంటే ప్రమాణాల దగ్గర ఏదో జరిగింది. 5/18 బదులు 18/5 వేస్తే ఇంకా ఘోరంగా వస్తుంది. గుర్తుల సంగతికొస్తే, ముందుదిశ ధనాత్మకం అని ఒకసారి రాసుకుని, తెలియని త్వరణాన్ని మామూలుగానే వదిలేయండి. ఆగుతున్న బస్సుకు రుణాత్మకంగా అదే వస్తుంది. ముందే మైనస్ పెట్టి, చివర్లో ‘బస్సు ఆగుతోంది కదా’ అని ఇంకో మైనస్ తగిలిస్తే బ్రేకు బలం బస్సును ముందుకు తోస్తుంది.

వేగం రెట్టింపై 108 అయితే, అదే బ్రేకు బలానికి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు, 120 మీటర్లు. డ్రైవర్ కాలు బ్రేకు మీదికి చేరేలోపు పోయిన దూరం ఇందులో లేదు.

కప్పీ లెక్కల్లో రెండు వస్తువులుంటాయి, కాబట్టి పటాలూ రెండు గీయాలి. ఆట్‌వుడ్ యంత్రం తీసుకుందాం. జార్జి ఆట్‌వుడ్ తన పుస్తకంలో 1784లో వివరించిన ఏర్పాటు ఇది: తేలికైన కప్పీ, దాని మీదుగా దారం, అటు 3 కిలోలు, ఇటు 2 కిలోలు. తేడా ఒక కిలో కాబట్టి ఫలిత బలం 9.8, ద్రవ్యరాశి ఒక కిలో, త్వరణం 9.8 అని రాసేవాళ్లున్నారు. బలంలో తీసివేత సరే, ద్రవ్యరాశిలో కాదు. దారానికి కట్టి ఉన్న అయిదు కిలోలూ కదలాలి. త్వరణం 9.8 ÷ 5 = 1.96.

తన్యతకు, అంటే దారం లాగే బలానికి, మళ్లీ ఒక్కో వస్తువు దగ్గరికి వెళ్లాలి. 2 కిలోలది పైకి పోతోంది: తన్యత = 2 × (9.8 + 1.96) = 23.52. 3 కిలోలది దిగుతోంది: తన్యత = 3 × (9.8 − 1.96) = 23.52. రెండూ కలిశాయి కాబట్టి లెక్క సరి. ఈ సరిచూసుకోవడం ఊరికే దొరుకుతుంది, వదులుకోకండి. తన్యత 29.4 అని, అంటే పెద్దదాని భారమంతా అని రాస్తే 3 కిలోలది కదలనే కదలదు. 19.6 అని రాస్తే చిన్నది పైకి త్వరణం అందుకోదు. జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉండాలి.

ప్రయోగశాలలో ట్రాలీతో చేసే ప్రయోగంలోనూ ఇదే పొరపాటు వేరే వేషంలో వస్తుంది. బల్ల మీద 500 గ్రాముల ట్రాలీ, దారం, అంచున కప్పీ, కింద వేలాడే 100 గ్రాముల బిళ్లలు. వేలాడే భారం 0.98 న్యూటన్లు కాబట్టి ట్రాలీ మీద బలం 0.98, త్వరణం 0.98 ÷ 0.5 = 1.96 అని రాస్తారు. బిళ్లలు కూడా త్వరణంతోనే దిగుతున్నాయి, కదిలేది 0.6 కిలోలు. త్వరణం 0.98 ÷ 0.6 = 1.63. దారంలో తన్యత 0.5 × 1.63, దాదాపు 0.82 న్యూటన్లే. బిళ్లలు ట్రాలీ కంటే బాగా తేలికైతే ఈ తేడా కనిపించదు. ఇక్కడ అవి అయిదో వంతు కాబట్టి 20 శాతం తప్పు.

చేసేటప్పుడు బలం పెంచాలంటే బయటి నుంచి కొత్త బిళ్లలు తెచ్చి వేలాడదీయకండి. ముందే అన్నీ ట్రాలీలో పెట్టుకుని, ఒక్కొక్కటి అక్కడి నుంచి తీసి దారానికి మార్చండి. మొత్తం ద్రవ్యరాశి మారకుండా ఉంటుంది. వేలాడే భారం అడ్డంగా, త్వరణం నిలువుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు 1 ÷ మొత్తం ద్రవ్యరాశి. 0.6 కిలోలకు 1.67. కొత్త బిళ్లలు చేరుస్తూ పోతే ఆ రేఖ పైకి పోనుపోను వంగుతుంది.

ప్రయోగానికి ముందు బల్లను కొద్దిగా వాలుగా ఎత్తి, దారం లేకుండా ట్రాలీని సుతారంగా నెట్టినప్పుడు అది సమవేగంతో పోయేలా సరిచేయాలి. అప్పుడు వాలు ఘర్షణను రద్దు చేస్తుంది. చేయకపోతే రేఖ మూలబిందువు గుండా పోకుండా అడ్డం అక్షాన్ని కుడివైపు ఖండిస్తుంది. ఆ బిందువు దగ్గరి విలువే ఘర్షణ బలం, పారేయకుండా రాసుకోండి. వాలు ఎక్కువైతే రేఖ నిలువు అక్షాన్ని పైన ఖండిస్తుంది.

కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవడం మాత్రం నష్టం బేరం. ఒక మీటరు దూరానికి 1.63 త్వరణంతో పట్టేది 1.11 సెకన్లు. బొటనవేలు 0.2 సెకన్లు ఆలస్యమైతే 1.31 వస్తుంది. కాలవర్గంతో భాగిస్తాం కాబట్టి త్వరణం 1.17కు పడిపోతుంది. టిక్కర్ టైమర్ (ట్రాలీ లాగే కాగితపు పట్టీ మీద సమాన వ్యవధుల్లో చుక్కలు వేసే పరికరం) ఉంటే అది వాడండి, చుక్కకూ చుక్కకూ మధ్య 0.02 సెకన్లు. లేకపోతే ఫోన్లో స్లోమోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి.

ద్రవ్యరాశి కనుక్కోమనే లెక్కలు పుస్తకాల్లో తక్కువ, ఉన్నవీ కృత్రిమంగా అనిపిస్తాయి. త్రాసు ఉండగా త్వరణం కొలిచి ద్రవ్యరాశి కట్టుకునేదెవరు? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లు. అక్కడ తట్టల త్రాసూ పనిచేయదు, బాత్రూం త్రాసూ పనిచేయదు. అందుకని వ్యోమగామి ఒక పరికరం చేతిని గట్టిగా పట్టుకుంటే, స్ప్రింగులు తెలిసిన బలంతో ఆ చేతిని లాగుతాయి. త్వరణాన్ని కొలుస్తారు. శరీరం వదులుగా ఊగితే కొలత చెడుతుంది కాబట్టి బిగుసుకుని ఉండాలి. బలం 100 న్యూటన్లు, త్వరణం 1.25 అనుకుంటే భాగహారంలో 80 కిలోలు వస్తుంది. త్రిభుజం అక్కడైనా సరిపోతుందేమో అనుకునేలోపే ఒక తీసివేత మిగిలింది: మనిషితో పాటు పరికరం చెయ్యి కూడా కదిలింది. అది 8 కిలోలైతే, మనిషి 72.